కోల్డ్ స్టోరేజీలోకి వెళ్లొస్తే ఫోన్ చచ్చిపోతోంది, కాల్ సెట్టింగులు ఏవి పెట్టుకోవాలి?

మిర్చి_గుమాస్తా (గుంటూరు)

అందరికీ నమస్కారం. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపులో గుమాస్తాగా చేస్తున్నా. నా కొలువంతా ఫోన్ మీదే. తెల్లారకముందే రైతు ఫోన్ చేసి లారీ బయల్దేరింది, అరవై టిక్కీలు (మిర్చి బస్తాలు), తేజ రకం కాయ అంటాడు. వేలం అయ్యాక ఎంత పలికిందని మళ్లీ ఆయనే చేస్తాడు, రేటు తక్కువైతే ఆయన బావమరిది కూడా చేస్తాడు. ఆ తర్వాత కాటా, హమాలీలు, లారీ ఆఫీసు. మొత్తం రోజుకి వంద, నూట ఇరవై కాల్స్ అవుతాయి, ఒక్కోటి నిమిషమో నిమిషంన్నరో. మధ్యాహ్నం రెండు మూడు గంటలు కోల్డ్ స్టోరేజీల చుట్టూ తిరిగి శాంపిళ్లు తీయించే పని ఉంటుంది.

ఫోన్ 5000 ఎంఏహెచ్ బ్యాటరీది. పొద్దున ఆరింటికి వందతో బయటికొస్తే మూడింటికల్లా 15 చూపిస్తుంది. నాకు అర్థం కానిదేంటంటే, కోల్డ్ స్టోరేజీ పని లేని రోజు కాల్స్ అన్నే ఉన్నా సాయంత్రం దాకా బానే వస్తుంది.

రెండు సిమ్‌లు. ఒకటి జియో. రెండోది వేరే కంపెనీది, మా నాన్న వాడిన నంబరు, రైతులందరి పుస్తకాల్లో అదే రాసి ఉంది, బ్యాంకు ఓటీపీలూ దానికే వస్తాయి, కాబట్టి తీసేయడం కుదరదు.

ఎవరికి తోచింది వాళ్లు చెప్తున్నారు. పక్క షాపు కుర్రాడు 5జీ తీసేయమన్నాడు. మా బావమరిది వోల్టీ (4జీ మీదే కాల్ నడిపే సెట్టింగు) ఆపేస్తే బ్యాటరీ ఆగుతుందన్నాడు, ఆపితే జియోలో కాల్ వెళ్లడమే మానేసింది, అది కనిపెట్టేలోపు గంట పోయింది, ఆ గంటలో ఒక రైతు నేను కావాలనే ఎత్తట్లేదనుకుని నేరుగా షాపుకొచ్చి అరిచాడు. యూట్యూబ్‌లో ఒకాయన వైఫై కాలింగ్ ఆన్ చేయమంటాడు, ఇంకొకాయన ఆఫ్ చేయమంటాడు, ఇద్దరికీ లక్షల్లో వ్యూస్. ఏది పెట్టాలో, ఎందుకో కాస్త చెప్పండి.

పవర్ బ్యాంకు కొనుక్కోమని మాత్రం చెప్పొద్దు. ఉంది. చొక్కా జేబులో చీటీల పుస్తకం, పెన్ను, ప్యాంటు జేబులో శాంపిల్ కవర్లు, వాటికి తోడు ఇటుకరాయంత అదొకటి వేలాడేసుకుని టిక్కీల మీదకి ఎక్కలేను.

—

సరదా_సత్తెనపల్లి

పవర్ బ్యాంకు కొనుక్కో అన్నా.

చెప్పొద్దన్నావని చూశా, ఆగలేకపోయా. సీరియస్‌గా చెప్తున్నా, నాన్నగారి నంబరుకి ఒక బటన్ ఫోన్ కొని అందులో వేసెయ్. మా మామయ్య అలాగే చేశాడు, వారానికి రెండుసార్లు ఛార్జింగ్ పెడతాడు, కింద పడితే నేలకే సొట్ట. ఆ కంపెనీకి 2జీ ఉంటే మామూలు బటన్ ఫోన్ చాలు, జియో లాగా లేకపోతే మాత్రం 4జీ బటన్ ఫోనే కొనాలి, షాపువాడు చెప్పడు, ఇంటికెళ్లాక తెలుస్తుంది.

—

గవర్నర్‌పేట_రిపేరు (విజయవాడ)

అన్నా, సెట్టింగుల దాకా వెళ్లకముందు ఫోన్ కొని ఎన్నేళ్లయిందో చెప్పు. రెండేళ్లు దాటితే సగం కథ బ్యాటరీలోనే ఉంటుంది. లిథియం బ్యాటరీ నాలుగైదు వందల సార్లు నిండుగా ఎక్కి దిగేసరికి కొత్తప్పటి కెపాసిటీలో నూటికి ఎనభైకి అటూ ఇటుగా పడిపోతుంది, పాత మోడళ్లయితే ఇంకా కింద. నువ్వు రోజూ ఖాళీ చేస్తున్నావు కాబట్టి ఏడాదిన్నరకే ఆ లెక్క వచ్చేస్తుంది. దానికి గుంటూరు ఎండ తోడు. ఏప్రిల్‌లో బండి ట్యాంకు మీద కవర్లో పెట్టి ఛార్జింగ్ పెట్టుకుంటూ తిరిగే వాళ్ల ఫోన్లు నా దగ్గరికి ఉబ్బిపోయి వస్తాయి, వెనక మూత దానంతటదే లేచి ఉంటుంది. ఉబ్బితే మాత్రం వాడొద్దు, నొక్కి లోపలికి తోయొద్దు.

రెండోది, మీ యార్డు వాళ్ల ఫోన్లలో నేను ఎక్కువ చూసే జబ్బు. కాల్‌లో ఫోన్ చెవి దగ్గర పెట్టగానే స్క్రీన్ ఆరిపోవాలి, పైన చిన్న సెన్సర్ ఉంటుంది, అది చూసుకుంటుంది. ఆ సెన్సర్ మీద, స్పీకర్ జాలీలో మిరప దుమ్ము పట్టేస్తుంది. ఎర్రగా, కాస్త జిడ్డుగా ఉంటుంది, బ్రష్షుతో దులిపితే షాపులో నలుగురం తుమ్ముతాం. దుమ్ము పడితే కొన్ని ఫోన్లలో స్క్రీన్ ఆరిపోయి కాల్ కట్ చేయడానికి కూడా వెలగదు, ఆ సెన్సర్ పాడైతేనో చవక టెంపర్డ్ గ్లాసు దాన్ని సరిగ్గా చూడనివ్వకపోతేనో కొన్నిట్లో అసలు ఆరదు. ఆరకపోతే నూట ఇరవై నిమిషాలు ఫుల్ వెలుతురుతో నీ చెంపకి లైటు వేస్తున్నట్టే. ఇప్పుడే చూసుకో, ఎవరికైనా కాల్ చేసి పైభాగాన్ని అరచేత్తో మూయి, స్క్రీన్ ఆరాలి, చెయ్యి తీస్తే వెలగాలి. అలా జరగకపోతే గ్లాసు పీకి మళ్లీ చూడు.

కోల్డ్ స్టోరేజీ నుంచి బయటికొచ్చాక వెంటనే ఛార్జింగ్ పెట్టకు. లోపల చల్లగా, బయట నలభై డిగ్రీలు, ఫ్రిజ్‌లో బాటిల్ బయట పెడితే చెమట పట్టినట్టు ఫోన్‌కీ పడుతుంది. పావుగంట ఆగు. లోపల ఉన్నప్పుడు పర్సంటేజీ గభాల్న పడిపోయినట్టు చూపిస్తే అది చలికి, కాస్త వేడెక్కితే కొంత తిరిగొస్తుంది. పూర్తిగా రాదు.

—

టవర్_బాబాయ్ (విజయవాడ)

సిగ్నల్ కొలిచే పనిలో పదకొండేళ్లుగా ఉన్నానండీ. కార్లో ల్యాప్‌టాప్, నాలుగైదు ఫోన్లు పెట్టుకుని బెంజ్ సర్కిల్ నుంచి ఆటోనగర్ దాకా ఎద్దుబండిలా నెమ్మదిగా వెళ్లి వెనకవాళ్ల చేత తిట్లు తినేవాళ్లని చూసి ఉంటే అది మేమే.

మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. కాల్స్ అన్నే ఉన్నా కోల్డ్ స్టోరేజీకి వెళ్లని రోజు ఫోన్ సాయంత్రం దాకా వస్తోందన్నారు. అంటే మీ మాటలు తినేది తక్కువ, ఆ గోడల మధ్య ఫోన్ టవర్ కోసం పడే అవస్థ తినేదే ఎక్కువ. మందపాటి గోడ, దానికి లోపల థర్మోకోల్, ఇనుప తలుపు, కొత్తవాటిలో అయితే రేకు అతికించిన పఫ్ (నురుగు) ప్యానెళ్లు, ఆ పైన కప్పు దాకా పేర్చిన టిక్కీలు. రేడియో తరంగానికి అంతకంటే పెద్ద పరీక్ష ఉండదు. రేకు గది అంటే మా భాషలో చీకటి కొట్టు.

ముందు ఒక పని చేయండి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఎబౌట్ ఫోన్‌లోకి వెళ్లి సిమ్ స్టేటస్ చూస్తే సిగ్నల్ స్ట్రెంత్ అని మైనస్‌తో ఒక అంకె ఉంటుంది, పక్కన డీబీఎం అని. కొన్ని ఫోన్లలో *#*#4636#*#* నొక్కినా వస్తుంది. 4జీలో ఆ అంకె మైనస్ 80, 90 ఉంటే హాయి. 100 దాటితే మాట్లాడుకోవచ్చు కానీ ఫోన్ కష్టపడుతోందని అర్థం. 110 దాటితే అరుస్తోంది. 120 అంటే అంచు. గీతలు చూసి మోసపోకండి, ఎన్ని గీతలు వేయాలో ఒక్కో ఫోన్ కంపెనీ తన ఇష్టం వచ్చినట్టు పెట్టుకుంటుంది.

ఇందులో కిటుకు ఏంటంటే, సిగ్నల్ పది డీబీ తగ్గిందంటే, అంటే మైనస్ 90 కాస్తా మైనస్ 100 అయితే, అవతలికి వినిపించడానికి ఫోన్ పది రెట్లు గట్టిగా మాట్లాడాలి. ఇరవై తగ్గితే వంద రెట్లు. టవర్ దగ్గర్లో ఉంటే మీ ఫోన్ మిల్లీవాటు కంటే తక్కువతోనే పని కానిచ్చేస్తుంది, దూరమయ్యే కొద్దీ పెంచుకుంటూ పోతుంది, మామూలు 4జీ ఫోన్‌కి పైహద్దు 200 మిల్లీవాట్లు. అది యాంటెన్నా నుంచి బయటికి పోయేది మాత్రమే, దానికోసం బ్యాటరీలోంచి లాగేది అంతకు కొన్ని రెట్లు, మిగతాదంతా వేడి. ఫోన్ చెవికి కాలుతోందంటే కాల్ ఎక్కువసేపు మాట్లాడామనుకుంటాం, చాలాసార్లు సిగ్నల్ లేని మూల నిలబడి మాట్లాడామన్నమాట.

ఇక కాల్ లేనప్పటి సంగతి. సిగ్నల్ ఉన్న చోట ఫోన్ నిద్రపోతూ, సెకనుకో సెకనుంపావుకో ఒకసారి కన్ను తెరిచి నాకేమైనా కాల్ ఉందా అని వినేసి మళ్లీ పడుకుంటుంది. సిగ్నల్ పోతే ఆ నిద్ర పోతుంది. తనకు తెలిసిన బ్యాండ్లన్నీ (సిగ్నల్ వచ్చే ఫ్రీక్వెన్సీలు) ఒకదాని తర్వాత ఒకటి వెతుక్కుంటూ పోతుంది, 5జీ, 4జీ, 2జీ, దొరక్కపోతే కాసేపాగి మళ్లీ మొదలు. రెండు సిమ్‌లుంటే ఈ వెతుకులాట రెండు కంపెనీల కోసం.

మీరడిగినవి ఇప్పుడు చెప్తా. వోల్టీ ఆపకండి. జియో 2016 సెప్టెంబరులో మొదలైనప్పటి నుంచీ వాళ్లకి 2జీ, 3జీ అసలే లేవు, మాట కూడా డేటాగానే 4జీ మీద పోవాలి, కాబట్టి వోల్టీ ఆపితే కాల్ పోవడానికి దారే ఉండదు. మీకు జరిగింది అదే. రెండో సిమ్‌లో ఆపితే కాల్ వెళ్తుంది, కాకపోతే ప్రతి కాల్‌కూ 4జీ వదిలి 2జీకి దిగి, కలవడానికి నాలుగైదు సెకన్లు ఎక్కువ తీసుకుని, అయ్యాక మళ్లీ పైకి ఎక్కుతుంది. రోజుకి నూట ఇరవై సార్లు ఆ దిగుడు ఎక్కుడు. పైగా 900 బ్యాండులో 2జీ ఫోన్ పంపేటప్పుడు 2 వాట్ల దాకా పోగలదు, ఎనిమిదో వంతు సమయమే పంపుతుంది కాబట్టి సగటున పావు వాటు. వోల్టీలో మాట ముక్కలు 20 మిల్లీసెకన్లకొకటి పోతాయి, మధ్య ఖాళీల్లో రేడియో కునుకు తీస్తుంది. 2జీ పెడితే బ్యాటరీ ఆదా అన్నది 3జీ రోజుల నాటి మాట. అప్పట్లో నిజమే, మనమంతా పెట్టుకున్నాం.

5జీ విషయంలో పక్క షాపు కుర్రాడు చెప్పింది మీ మట్టుకు సరైనదే. గుంటూరుకి, విజయవాడకి 5జీ వచ్చింది 2022 డిసెంబరులో, బయట రోడ్ల మీద ఇప్పుడు బాగానే ఉంటుంది. కానీ లోపలికి వెళ్లేసరికి పైబ్యాండ్ల 5జీ ముందు చస్తుంది, ఫోన్ 5జీకీ 4జీకీ మధ్య ఊగుతుంది, ఆ ఊగిసలాటకే ఖర్చు. 5జీ మీదే మాట నడిపే సదుపాయం మీ ఫోన్‌లో లేకపోతే ప్రతి కాల్‌కూ 4జీకి దిగాలి కూడా. మీరు వీడియోలు చూసేవారు కాదు, కాల్స్ చేసేవారు, కాబట్టి సిమ్ సెట్టింగుల్లో ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్ అన్న చోట 4జీ లేదా ఎల్‌టీఈ పెట్టుకోండి. ఐఫోన్ అయితే వాయిస్ అండ్ డేటాలో ఎల్‌టీఈ అని ఉంటుంది. ఒక హెచ్చరిక, ఇందాక చెప్పిన 4636 మెనూలో ఎల్‌టీఈ ఓన్లీ అని కూడా కనిపిస్తుంది, అది ముట్టుకోకండి, 4జీ పోతే 2జీకి దిగే దారి కూడా మూసేస్తుంది, రెండో సిమ్ మూగబోతుంది.

కోల్డ్ స్టోరేజీలో గది లోపలికి అడుగు పెట్టేముందు ఫ్లైట్ మోడ్ వేసేయండి. లోపల ఎలాగూ కాల్స్ రావట్లేదు, ఒకవేళ వచ్చినా హలో హలో అంటూ కట్ అయిపోతాయి. బయటికొచ్చి తీసేస్తే మిస్డ్ కాల్ అలర్ట్ మెసేజీలు వస్తాయి. మీకు ఇన్ని సెట్టింగుల్లో అన్నిటికంటే ఎక్కువ పని చేసేది ఇదే.

ఇంకోటి, కాయ రంగు చూపిస్తామని రైతుల పిల్లలు వాట్సాప్ వీడియో కాల్ చేస్తుంటారు కదా. కెమెరా, స్క్రీన్, డేటా మూడూ ఒకేసారి నడుస్తాయి, ఒక్క వీడియో కాల్ మామూలు కాల్స్ ఎన్నిటినో మింగేస్తుంది. ఫొటో పంపమనండి. మామూలు వాట్సాప్ ఆడియో కాల్ కూడా వోల్టీ కాల్ కంటే ఎక్కువే తింటుంది, వోల్టీ మాట మోడెమ్ (ఫోన్‌లో సిగ్నల్ చూసుకునే చిప్) దగ్గరే తేలిపోతుంది, యాప్ కాల్‌కి ఫోన్ మెదడు మొత్తం మేలుకుని ఉండాలి.

—

మొగల్రాజపురం_మూడో_లైను (విజయవాడ)

టవర్ బాబాయ్ గారు వైఫై కాలింగ్ సంగతి వదిలేశారు, అది నేను చెప్తాను, నా ఇల్లు దాని మీదే నడుస్తోంది.

మాది కొండ కిందుగా ఉన్న అపార్ట్‌మెంటు, గ్రౌండ్ ఫ్లోరు. ఇంట్లో సిగ్నల్ మైనస్ 115 దగ్గర ఉంటుంది, వంటింట్లో అదీ ఉండదు. నేను ఇంటి నుంచే పని చేస్తాను, రోజంతా కస్టమర్లతో ఫోన్లు. ఇంతకుముందు సాయంత్రానికి రెండుసార్లు ఛార్జింగ్. ఇప్పుడు ఫ్లైట్ మోడ్ వేసి వైఫై ఆన్ చేసి ఉంచుతాను, వైఫై కాలింగ్ ఆన్‌లో ఉంటే మామూలు నంబరుకే కాల్స్ వస్తాయి, పోతాయి, ఓటీపీలు కూడా నాకు వస్తున్నాయి. ఫ్లైట్ మోడ్ పెడితే ఫోన్ పని చేయదని మా అత్తగారు ఇప్పటికీ నమ్మరు, ఎదురుగా కూర్చుని నాకు రింగ్ ఇచ్చి చూస్తారు. విడిగా చార్జీ ఏమీ లేదు, మన ప్లాన్‌లోనే. ఇక్కడ ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో మొదలుపెట్టాయి, అప్పటి నుంచీ ఉన్నదే, జనం ఆన్ చేసుకోరంతే.

యూట్యూబ్‌లో ఇద్దరూ కరెక్టేనండీ, ఇద్దరి ఇళ్లు వేరు. ఇంట్లో సిగ్నల్ బాగా ఉన్నవాడికి వైఫై కాలింగ్ వల్ల ఒరిగేదేం లేదు, పైగా ఫోన్ మీ కంపెనీ సర్వరుతో ఒక రహస్య దారి తెరిచి అది మూసుకుపోకుండా అప్పుడప్పుడు పలకరిస్తూ ఉండాలి. నాలాంటి వాళ్లకి అది ప్రాణం. గుమాస్తా గారూ, మీ షాపులో వైఫై ఎలా ఉందో మీరు రాయలేదు. రౌటర్ లోపలి గదిలో, మీరు బయట అరుగు మీద ఉంటే వద్దు. సగం వైఫై అన్నిటికంటే దరిద్రం, కాల్ దాని మీద మొదలై గేటు దాకా నడిచేసరికి రోబో గొంతు అయిపోతుంది. నాకు పాలవాడు పిలిచినప్పుడల్లా అదే జరిగేది. కొన్ని ఫోన్లలో వైఫైకి ప్రాధాన్యమా, మొబైల్ నెట్‌వర్క్‌కి ప్రాధాన్యమా అని అడుగుతుంది, మీరు మొబైల్ నెట్‌వర్క్ పెట్టుకోండి, సిగ్నల్ లేనప్పుడే వైఫై తీసుకుంటుంది.

కరెంటు పోతే రౌటర్ పోతుంది, రౌటర్ పోతే కాల్ పోతుంది. వేసవిలో మూడుసార్లు కస్టమర్ మధ్యలో ఉండగా పోయాక రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టాను. ఇది ఎవరూ ముందు చెప్పరు.

—

మిర్చి_గుమాస్తా (గుంటూరు)

అందరికీ థాంక్స్. ఇవాళ డ్యూటీలో ఇదే పని, అంకెలు రాసుకుంటూ తిరిగా, హమాలీలు నాకేదో అయిందనుకున్నారు. యార్డు గేటు దగ్గర జియో మైనస్ 84. షాపు అరుగు మీద 97. కోల్డ్ స్టోరేజీ ఆఫీసు గదిలో 108. గది తలుపు తీసి లోపలికి నాలుగడుగులు వేస్తే 119, ఇంకో వరస దాటితే ఏమీ లేదు. నాన్న నంబరు ఆఫీసు గదిలోనే పోయింది. అంటే ఇన్నాళ్లూ రోజుకి రెండు మూడు గంటలు ఫోన్ జేబులో అరుస్తూ ఉంది, నేను చలికి అనుకుంటున్నా.

గవర్నర్‌పేట అన్నా, నీ పరీక్ష చేశా, అరచెయ్యి పెడితే స్క్రీన్ ఆరలేదు. గ్లాసు పీకాక ఆరుతోంది. ఎన్ని నెలల నుంచి ఇలా ఉందో దేవుడికే తెలియాలి. ఫోన్ కొని రెండేళ్ల నాలుగు నెలలు.

ఒక సందేహం. ఫ్లైట్ మోడ్‌లో ఉన్నప్పుడు కాల్స్ మా ఓనరు గారి అబ్బాయికి వెళ్లేలా పెట్టొచ్చా? ఏదో కోడ్ నొక్కితే అవుతుందని విన్నా.

—

టవర్_బాబాయ్ (విజయవాడ)

అవుతుంది, కానీ కోడ్‌తో చేయకండి. *401 అని మొదలుపెట్టి పక్కన ఒక నంబరు కొట్టించి జనం కాల్స్‌ని తమ వైపు మళ్లించుకుని, ఫోన్ మీద వచ్చే ఓటీపీలు వినేసి ఖాతాలు ఊడ్చేసే దొంగలు బయల్దేరారు. అందుకే టెలికం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి ఆ కోడ్‌లతో ఫార్వర్డింగ్ ఆపించింది. కొరియర్ నుంచి అనో కంపెనీ నుంచి అనో ఎవరైనా ఫోన్ చేసి ఫలానా కోడ్ నొక్కమంటే నొక్కకండి, రైతులకీ చెప్పండి. మీ బ్యాంకు ఓటీపీలు నాన్నగారి నంబరుకి అన్నారు కాబట్టి ఇంకా జాగ్రత్త.

ఫోన్ డయలర్‌లోనే సెట్టింగ్స్, కాలింగ్ అకౌంట్స్, కాల్ ఫార్వర్డింగ్ అని ఉంటుంది, ఫోన్‌ని బట్టి పేరు కాస్త మారుతుంది, అక్కడ కుదరకపోతే మీ కంపెనీ కస్టమర్ కేర్‌ని అడగండి. అందులో నాలుగు ఉంటాయి, మీకు కావాల్సింది అందుబాటులో లేనప్పుడు అన్నది ఒక్కటే. ఆల్వేస్ అన్నది పెడితే మీ కాల్స్ అన్నీ ఆ అబ్బాయికే పోతాయి, మీరు రెండు రోజులు ప్రశాంతంగా ఉండి తర్వాత ఉద్యోగం వెతుక్కోవాలి.

—

గవర్నర్‌పేట_రిపేరు (విజయవాడ)

రెండేళ్ల నాలుగు నెలలా. బ్యాటరీ మార్పించు అన్నా. గుంటూరులోనే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో మార్పించు, నా దగ్గరికే రావాలని చెప్పట్లేదు. రోడ్డు మీద సగం ధరకి దొరికేవి మాత్రం వద్దు, పైన 5000 అని అచ్చేస్తారు, లోపల ఎంతుందో వేసినవాడికే తెలుసు.

—

సరదా_సత్తెనపల్లి

నేను చెప్పిన బటన్ ఫోన్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

—

మిర్చి_గుమాస్తా (గుంటూరు)

పన్నెండు రోజులైంది, ఏం జరిగిందో రాస్తున్నా.

సత్తెనపల్లి తమ్ముడూ, నీదే ముందు చేశా. నాన్న నంబరు బటన్ ఫోన్‌లోకి పోయింది, అది షాపులో కాటా పక్కన మేకుకి వేలాడుతుంది, మోగితే ఎవరో ఒకరు ఎత్తుతారు. రైతులకి అదే నచ్చింది, ఎప్పుడు చేసినా ఎవరో ఒకరు పలుకుతున్నారని. ఓటీపీ కావాల్సి వస్తే కుర్రాడు చదివి చెప్తాడనుకున్నా, ఓనరు గారు వద్దన్నారు, నువ్వే వచ్చి చూసుకో అన్నారు. అదీ నిజమే.

పెద్ద ఫోన్‌లో జియో ఒక్కటే, 4జీ పెట్టా, వోల్టీ ఆన్. షాపు వైఫై నా అరుగు దాకా సరిగ్గా రాదు, వైఫై కాలింగ్ ఆఫ్. కోల్డ్ స్టోరేజీ తలుపు దగ్గర ఫ్లైట్ మోడ్. బ్యాటరీ ఇంకా మార్పించలేదు, జీతం రానీ. పాత బ్యాటరీతోనే మూడింటికి 15 ఉండేది, ఇప్పుడు సాయంత్రం ఆరింటికి 34, నిన్న 37. కాల్స్ తగ్గలేదు, లాగ్ చూశా, నిన్న నూట పద్నాలుగు.

ఒక్కసారి మాత్రం దెబ్బయింది. నాలుగో రోజు బయటికొచ్చి ఫ్లైట్ మోడ్ తీయడం మర్చిపోయా. ఫార్వర్డింగ్ అప్పటికి పెట్టలేదు, డయలర్‌లో ఎర్రర్ వస్తుంటే రేపు చూద్దామనుకున్నా. నలభై నిమిషాలు. ఈలోపు పెదకూరపాడు వైపు రైతు ఒకాయన లారీతో గేటు దగ్గర నిలబడి పదకొండుసార్లు చేశాడు, చివరికి వేరే షాపు మనిషి మా దగ్గర దించుకోండి అంటే సగం దించేశాడు కూడా. ఓనరు గారి ముందు నిలబడి ఫ్లైట్ మోడ్ అంటే ఏంటో వివరించడం నా సర్వీసులో కష్టమైన పది నిమిషాలు. ఆయన అంతా విని, అంటే ఫోన్ నువ్వే ఆపేశావా అన్నారు.

మర్నాడే కస్టమర్ కేర్‌కి చేసి ఫార్వర్డింగ్ పెట్టించుకున్నా. అదికాక కోల్డ్ స్టోరేజీ వాచ్‌మన్ తాతకి చెప్పా, నేను బయటికి రాగానే అడుగు అని. ఆయన ఫ్లైట్ మోడ్ అనలేడు, రోజూ నేను కోటు విప్పుతుంటే కుర్చీలోంచే అరుస్తాడు, బాబూ, ఇమానం దిగిందా అని.